విటుడికి శిక్షా, లైసెన్సా, నేరరద్దా: ఏ చట్టం ఎక్కడ పనిచేస్తుంది?

జిల్లా ఎడిషన్లలో ఈ వార్త తరచూ కనిపిస్తుంది. ‘స్పా ముసుగులో వ్యభిచారం. ముగ్గురు యువతులు, ఇద్దరు విటులు అదుపులోకి. నిర్వాహకుడు పరారీ.’ పక్కనే చున్నీతో మొహం కప్పుకున్న అమ్మాయిల ఫొటో. తర్వాత ఏమైందో పేపర్లో రాదు. విటులు లాయర్ని పెట్టుకుని, కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్తారు. అమ్మాయిలు ప్రభుత్వ సంరక్షణ హోమ్‌కి వెళ్తారు. నిర్వాహకుడు ఇంకో కాలనీలో ఇంకో బోర్డు పెడతాడు.

ఇలాంటి వార్త మీద మాట వస్తే రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. ‘కొనేవాణ్ణి లోపలేస్తే వ్యాపారమే ఆగిపోతుంది, స్వీడన్లో అదే చేశారట’ అని ఒకరు. ‘లైసెన్సులిచ్చి, హెల్త్ చెకప్‌లు పెట్టేస్తే గొడవ వదులుతుంది, జర్మనీలో లేదా’ అని ఇంకొకరు. రెండిట్లోనూ కొంత నిజముంది. కానీ స్వీడన్లో శిక్షతో పాటు ఇంకేం ఉందో, జర్మనీలో లైసెన్సు పెట్టాక ఎంతమంది ముందుకొచ్చారో చూడకుండా ఎంచుకుంటే, పేరు చూసి మందు కొన్నట్టే.

ఒక విషయం ముందే పక్కన పెడదాం. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో ఏ దేశంలోనూ ఈ చర్చ లేదు. అది అత్యాచారం, మన దగ్గర పోక్సో. అలాగే బలవంతంగా, మోసం చేసి దింపడం అన్నిచోట్లా నేరమే. గొడవంతా మేజర్ల మధ్య డబ్బు చేతులు మారే విషయం మీదే.

ఏ దేశపు చట్టాన్నైనా నేను మూడు ప్రశ్నలతో చూస్తాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉంటుందని కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే చట్టం ఏమంటుంది? కస్టమర్ కొడితే ఆమె స్టేషన్‌కి వెళ్లి చెప్పగలదా, చెప్తే తిరిగి ఆమెకే చుట్టుకుంటుందా? రేపట్నుంచి మానేస్తానంటే నెలనెలా చేతికి ఏమొస్తుంది? విటుడికి శిక్ష ఉందా లేదా అన్నది నాకు వీటి తర్వాతే.

స్వీడన్ దారి: కొంటే నేరం, అమ్మితే కాదు

స్వీడన్లో ఇది 1999 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డబ్బిచ్చి సెక్స్ కొనడం నేరం, అమ్మడం నేరం కాదు. మొదట్లో గరిష్ఠ శిక్ష 6 నెలలు, 2011లో ఏడాదికి పెంచారు. 2025 జూలై నుంచి, ఆన్‌లైన్లో డబ్బిచ్చి తన కోసం ప్రత్యేకంగా లైంగిక చేష్టలు చేయించుకోవడాన్ని కూడా ఇందులో కలిపారు. 2009లో నార్వే, ఐస్‌లాండ్, 2014లో కెనడా, 2015లో ఉత్తర ఐర్లాండ్, 2016లో ఫ్రాన్స్, 2017లో ఐర్లాండ్, 2020లో ఇజ్రాయెల్ ఇదే బాట పట్టాయి.

దీని వెనకున్న ఆలోచన బలమైనదే. ఇద్దరిలో డబ్బు ఉన్నది ఒకడికి, వెళ్లిపోయే వీలున్నదీ వాడికే. అలాంటప్పుడు బాధ్యత ఇద్దరి మీదా సమానంగా ఎందుకు పెట్టాలి? అప్పు, తాగుడు, ఇంట్లో దెబ్బలు, చిన్నప్పుడే ఎవరో అమ్మేయడం, ఇవన్నీ దాటి వచ్చిన ఆడదాని ‘ఒప్పుకోలు’ను ఒప్పుకోలు అనగలమా? ఐర్లాండ్‌లో, ఫ్రాన్స్‌లో ఈ చట్టం కోసం గట్టిగా మాట్లాడినవాళ్లలో ఆ జీవితం నుంచి బయటపడ్డ ఆడవాళ్లున్నారు. వాళ్ల మాటను ‘నైతికవాదం’ అని కొట్టిపారేసే మేధావులంటే నాకు చిరాకు.

ఫలితాల సంగతి చూస్తే, 2010లో స్వీడన్ ప్రభుత్వం వేసిన సమీక్ష, రోడ్డు మీద కనిపించే వ్యభిచారం సగానికి తగ్గిందని చెప్పింది. సెక్స్ కొన్నామని సర్వేల్లో ఒప్పుకున్న మగవాళ్లు 1996లో 13.6 శాతం, 2008లో 7.9 శాతం. ఇది చిన్న తేడా కాదు. అయితే అది నేరమయ్యాక ఎంతమంది సర్వే చేసేవాడికి నిజం చెప్తారు? పైగా ఆ సమీక్ష చేసినవాళ్లకు, కొనడం నేరంగానే కొనసాగాలన్నది ముందే పెట్టిన షరతు. జవాబు సగం ప్రశ్నలోనే రాసిచ్చారన్నమాట.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలు. గది దగ్గరే ఈ పద్ధతి తడబడుతుంది. స్వీడన్లో అమ్మడం నేరం కాదు గానీ, తన ఇంట్లో అది జరుగుతోందని తెలిసి కూడా ఖాళీ చేయించని యజమాని మీద కేసు పెట్టొచ్చు. నార్వే పోలీసులైతే కొన్నేళ్ల పాటు ‘ఆపరేషన్ హోమ్‌లెస్’ అనే పేరుతోనే యజమానులను బెదిరించి ఈ ఆడవాళ్లను ఖాళీ చేయించారు. ఆమె చేస్తున్నది నేరం కాదు, కానీ ఆమెకు ఇల్లిస్తే నేరం.

ఐర్లాండ్‌లో 2019లో జరిగిన ఒక కేసు చూడండి. కిల్డేర్ కౌంటీలో ఒకే ఇంట్లో ఉంటూ పనిచేస్తున్న ఇద్దరు రొమేనియా యువతులకు ‘వ్యభిచార గృహం నడిపారు’ అని 9 నెలల జైలు పడింది. ఒకామె గర్భవతి. ఆడవాళ్లను నేరం నుంచి బయట పడేశామని చెప్పుకున్న 2017 చట్టమే గృహం నడిపినందుకు శిక్షను రెట్టింపు చేసింది. ఇద్దరుంటే గృహం, ఒక్కతే ఉంటే కాదు. అంటే ఒంటరిగా ఉండమని చట్టమే చెప్తోంది. కొట్టేవాడు వెతికేది కూడా ఒంటరి ఆడదాన్నే.

ఉత్తర ఐర్లాండ్ అనుభవం ఇంకోలా తేడా కొట్టింది. 2019లో అక్కడి న్యాయశాఖే చేయించిన అధ్యయనంలో, చట్టం వచ్చాక కొనేవాళ్లు తగ్గారనడానికి గానీ, అమ్మేవాళ్లు తగ్గారనడానికి గానీ ఆధారం దొరకలేదు. ఆన్‌లైన్ ప్రకటనలైతే పెరిగాయి.

ఈ దారిలో నాకు కాస్త నచ్చినది ఫ్రాన్స్. అక్కడ 2016 చట్టం కొనేవాడికి 1,500 యూరోల జరిమానా పెట్టింది, రెండోసారి దొరికితే 3,750. అదే చట్టంతో, రోడ్డు పక్కన నిలబడ్డ ఆడవాళ్ల మీద పెట్టే కేసును రద్దు చేసింది. మానేయాలనుకున్నవాళ్లకు నెలనెలా భత్యం, విదేశీయులైతే తాత్కాలిక నివాస అనుమతి ఇచ్చే పద్ధతీ పెట్టింది. ఆ భత్యం మొదట్లో నెలకు 330 యూరోలు. పారిస్‌లో దానికి చిన్న గది కూడా అద్దెకు దొరకదు. డాక్టర్ల స్వచ్ఛంద సంస్థ ఒకటి 2018లో చేసిన సర్వేలో, ఈ పని చేసేవాళ్లలో 63 శాతం మంది తమ బతుకు మునుపటికన్నా దిగజారిందన్నారు. కస్టమర్లు తగ్గితే బేరమాడే శక్తి పోతుంది. కండోమ్ లేకుండా అడిగేవాణ్ణి, తాగొచ్చినవాణ్ణి వద్దనలేని రోజులొస్తాయి. దీని మీద 261 మంది యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2024 జూలైలో కోర్టు ఏకగ్రీవంగా ఫ్రాన్స్ పక్షానే తీర్పిచ్చింది, కాకపోతే ఫలితాలను ఎప్పటికప్పుడు సమీక్షిస్తూ ఉండమని కూడా చెప్పింది. కాబట్టి ‘యూరప్ కోర్టు ఈ చట్టాన్ని తప్పుబట్టింది’ అనేవాళ్లూ తప్పే, ‘అది మంచి చట్టమని కోర్టు సర్టిఫికెట్ ఇచ్చింది’ అనేవాళ్లూ తప్పే. ఇది దేశాలు తమకు తాము తేల్చుకోవాల్సిన విషయమని మాత్రమే కోర్టు అంది.

న్యూజిలాండ్ దారి: నేరం అన్న మాటే తీసేయడం

2003 జూన్‌లో న్యూజిలాండ్ పార్లమెంటు ఈ చట్టాన్ని 60-59 ఓట్లతో గట్టెక్కించింది. ఒక సభ్యుడు ఎటూ ఓటేయలేదు. అంటే ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇవాళ మనం ఈ పేరే ఎత్తేవాళ్లం కాదు.

అక్కడ కొనడం, అమ్మడం రెండూ నేరం కాదు. గది ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది: నలుగురి దాకా ఆడవాళ్లు యజమాని లేకుండా కలిసి పనిచేసుకోవచ్చు, ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అంతకు మించితే నడిపేవాళ్లు సర్టిఫికెట్ తీసుకోవాలి. డబ్బు తీసుకున్నాక కూడా వద్దనే హక్కు చట్టంలోనే రాశారు. కండోమ్ తప్పనిసరి.

స్టేషన్ ప్రశ్నకు జవాబుగా నాకెప్పుడూ గుర్తొచ్చేది 2014 నాటి కేసు. వెల్లింగ్టన్‌లో పనిచేసే ఒక యువతి, తన మేనేజర్ అసభ్యంగా మాట్లాడి వేధిస్తున్నాడని మానవ హక్కుల ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ఆమెకు 25,000 న్యూజిలాండ్ డాలర్ల పరిహారం ఇప్పించారు. ‘నువ్వు చేసే పనే అది, ఇంక వేధింపేమిటి’ అని ఎవరూ అనలేదు. మన దగ్గర ఏ కోర్టు వరండాలోనైనా ముందు వినిపించేది ఆ మాటే.

చట్టం వచ్చాక చేసిన అధ్యయనంలో 60 శాతానికి పైగా, కస్టమర్‌ని వద్దనడం ఇప్పుడు తేలికైందన్నారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ల సంఖ్య పెరిగిన ఆనవాలు 2008 సమీక్షలో కనిపించలేదు.

లోపం లేదని కాదు. టెంపరరీ వీసా మీద వచ్చినవాళ్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్లు ఈ పని చేస్తే వీసా పోతుంది. మోసం, బెదిరింపు ఎక్కువగా జరిగేది ఎవరికో, వాళ్లనే తలుపు బయట నిలబెట్టారు. పైగా అది 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న ద్వీపదేశం, పని పోతే ప్రభుత్వం భత్యమిచ్చే దేశం. పక్క రాష్ట్రం నుంచి రాత్రి బస్సులో అమ్మాయిని తెచ్చి లాడ్జిలో దింపే బ్రోకర్లు వీధికొకడున్న చోట అదే ఫలితం వస్తుందని నేను పందెం కట్టను.

జర్మనీ దారి: రిజిస్టర్ చేసుకో, కార్డు చూపించు

మనవాళ్లకు వెంటనే నచ్చేది ఇది, అందుకే జాగ్రత్తగా చూడాలి. న్యూజిలాండ్ పద్ధతికీ దీనికీ తేడా తెలియక చాలామంది రెండిటినీ ‘లీగల్ చేయడం’ అనేస్తారు. న్యూజిలాండ్‌లో ఆడవాళ్లు తమ పేరు ఏ రిజిస్టర్లోనూ రాయించుకోనక్కర్లేదు. జర్మనీలో 2002లోనే దీన్ని పనిగా గుర్తించినా, 2017 జూలై నుంచి ప్రతి ఒక్కరూ రిజిస్టర్ చేసుకోవాలి, ఆరోగ్య కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. 2023 చివరికి రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు సుమారు 30,600 మంది. ఆ దేశంలో ఈ పనిలో ఉన్నవాళ్లు లక్షల్లో ఉంటారని అంచనాలు చెప్పేవి. ఏ అంచనాను నమ్మినా, ఎక్కువమంది కార్డు తీసుకోలేదన్నది మాత్రం స్పష్టం. కార్డు లేనివాళ్లంతా మళ్లీ చట్టం బయటే.

మన ఊళ్లో అయితే? ఫొటో, ఆధార్ నంబరు ఇచ్చి కార్డు తీసుకునే ఆడది ఎవరుంటారు? ఆ రిజిస్టర్ ఏ కానిస్టేబుల్ ఫోన్లో, ఏ వాట్సాప్ గ్రూపులో తేలుతుందో ఊహించడం కష్టం కాదు. కూతురి పెళ్లి సంబంధం దాకా వెంటాడుతుంది. లైసెన్సు పద్ధతిలో కార్డు ఉన్న పెద్ద నిర్వాహకుడు బాగుపడతాడు, ఒంటరి ఆడది చీకట్లోనే ఉంటుంది.

బెల్జియం ఈ మధ్య కాస్త వేరుగా ఆలోచించింది. 2022లో నేరరద్దు చేసి, 2024 డిసెంబరు నుంచి ఉద్యోగ ఒప్పందం, సిక్ లీవు, ప్రసూతి సెలవు, పెన్షన్, కస్టమర్‌ని వద్దనే హక్కు పెట్టింది. గదిలో అత్యవసర బటన్ ఉండాలి. ఎలా పనిచేస్తుందో తీర్పు చెప్పడానికి ఇంకా తొందర.

మధ్యే దారి: తెలిసి కొన్నవాడికే శిక్ష

చర్చల్లో దీని పేరు పెద్దగా వినిపించదు గానీ, మనకు అన్నిటికన్నా దగ్గర ఇదే. ట్రాఫికింగ్‌కు గురైన, అంటే బలవంతంగానో మోసం చేసో దింపిన మనిషి దగ్గరికి వెళ్లినవాణ్ణి మాత్రమే శిక్షించడం. ఫిన్లాండ్ 2006లో, నెదర్లాండ్స్ 2022లో ఇలా చేశాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2009 చట్టం ఇంకా గట్టిది: బలవంతం మీద పనిచేస్తున్న మనిషి అని నాకు తెలియదు అన్నా చెల్లదు.

భారత్‌లోనూ ఇది ఉంది. 2013లో ఐపీసీలో 370ఎ సెక్షన్ చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 144వ సెక్షన్. ట్రాఫికింగ్‌కు గురైందని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా వాడుకుంటే, బాధితురాలు మేజరైతే 3 నుంచి 7 ఏళ్లు, మైనరైతే 5 నుంచి 10 ఏళ్లు. స్వీడన్‌లో గరిష్ఠం ఏడాదే, గుర్తుంది కదా. కాబట్టి ‘మన చట్టంలో విటుడికి శిక్షే లేదు’ అన్న మాట నిజం కాదు. లేనిదల్లా, ఆ ‘తెలిసి’ అన్నదాన్ని కోర్టులో నిలబెట్టే ఓపిక. బయటి నుంచి తాళం వేసిన గది, ఒక్క ముక్క తెలుగు రాని అమ్మాయి, ఒంటి మీద దెబ్బలు, డబ్బంతా బ్రోకర్ చేతికే ఇవ్వడం: వీటిని పంచనామాలో వివరంగా రాస్తేనే కేసు నిలుస్తుంది. ‘నగదు, సెల్‌ఫోన్లు, కండోమ్ ప్యాకెట్లు స్వాధీనం’ అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటే నిలవదు.

ఇంతకీ మన చట్టం ఏ గూటిది?

ఏ గూటిదీ కాదు. 1956లో చేసి, 1986లో సవరించిన మన పిటా (వ్యభిచార నిరోధక) చట్టంలో సెక్స్ అమ్మడం నేరమని ఎక్కడా లేదు. కానీ ఆ పని చేయడానికి కావాల్సినవన్నీ నేరాలే. పిలవడం నేరం (8వ సెక్షన్). గుడికో, బడికో, ఆసుపత్రికో 200 మీటర్ల లోపు అయితే నేరం (7వ సెక్షన్, ఇక్కడ ఆమెకూ అతనికీ ఇద్దరికీ 3 నెలల దాకా). మన పట్నాల్లో గుడికీ బడికీ 200 మీటర్ల అవతల ఉన్న చోటు చూపించండి చూద్దాం.

వ్యభిచార గృహం నిర్వచనంలో ‘ఇద్దరు, అంతకన్నా ఎక్కువమంది పరస్పర లాభం కోసం’ వాడుకునే గది కూడా ఉంది. అంటే కిల్డేర్‌లో ఆ ఇద్దరికీ జరిగిందే ఇక్కడా జరుగుతుంది. 4వ సెక్షన్ చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఆమె సంపాదన మీద తెలిసి బతికే 18 ఏళ్లు దాటిన ఎవరికైనా 2 ఏళ్ల దాకా జైలు. బ్రోకర్లను పట్టడానికి రాశారు. కానీ ఆ మాటల ప్రకారం ఇంటర్ చదివే కొడుకు అమాయకుడు, వాడే డిగ్రీలో చేరి 18 దాటితే ముద్దాయి. మంచాన పడ్డ తల్లీ అంతే.

విటుడి విషయంలో హైకోర్టులది తలో మాట. కస్టమర్‌గా దొరికినంత మాత్రాన గృహం నడపడం, సంపాదన మీద బతకడం వంటి సెక్షన్ల కిందికి రాడని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ దారిలోనే చాలా కేసులు కొట్టేస్తూ వచ్చారు. కేరళ హైకోర్టు 2025లో వేరేలా అంది: డబ్బిచ్చి వెళ్లేవాడు ఆమెను ఆ పనికి పురిగొల్పుతున్నట్టే, కాబట్టి 5వ సెక్షన్ వర్తించొచ్చు అని. ఒకే కేంద్ర చట్టం, కొచ్చిలో ఒక అర్థం, హైదరాబాద్‌లో ఇంకో అర్థం.

స్వీడన్ పద్ధతి లాంటిదాన్ని ఇక్కడ తేవాలని ఇదివరకే ఒకసారి ప్రయత్నించారు. 2006లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అప్పట్లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి చేతిలో ఉండేది. బిల్లులో మంచి ఉంది: పిలవడం నేరమనే 8వ సెక్షన్, ఊరి నుంచి వెళ్లగొట్టే 20వ సెక్షన్ తీసేయాలన్నారు. దాంతోపాటు 5సి అనే కొత్త సెక్షన్: ట్రాఫికింగ్ బాధితురాలి కోసం గృహానికి వెళ్లినవాడికి మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. సెక్స్ వర్కర్ల సంఘాలే ఢిల్లీ వీధుల్లోకొచ్చి వ్యతిరేకించాయి. కస్టమర్ భయపడితే తమ కడుపు మాడుతుందని, మిగిలినవాళ్లు మారుమూలకు రమ్మంటారని వాళ్ల వాదన. హెచ్‌ఐవీ పని చేసేవాళ్లకూ అదే భయం: చాటుకు వెళ్లినవాళ్లకు కండోమ్ చేర్చేదెలా? చివరికి 2009లో లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది. 5సి సంగతి ఎలా ఉన్నా, ఎవరూ పెద్దగా కాదనని 8, 20 సెక్షన్ల రద్దు కూడా దాంతోనే పోయింది. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చినప్పుడు ‘సెక్స్ వర్క్ ఇక చట్టబద్ధం’ అని హెడ్డింగులు పెట్టారు. అది సరి కాదు. చీరాలకు చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం, తాము వేసిన కమిటీ సిఫార్సుల్లో కేంద్రం అభ్యంతరం చెప్పనివాటిని అమలు చేయమంది. అత్యాచార ఫిర్యాదుతో వచ్చిన సెక్స్ వర్కర్‌కి వైద్యం సహా అందరికీ ఉండే సదుపాయాలన్నీ ఇవ్వాలి, కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు, ఫొటోలూ పేర్లూ బయటపెట్టకూడదు, హోముల్లో ఇష్టం లేకుండా ఉంచిన మేజర్ల వివరాలు తేల్చాలి. రైడ్ చేసినప్పుడు ఆడవాళ్లను అరెస్టు చేయొద్దనే సిఫార్సు మీద కేంద్రానికి అభ్యంతరం ఉంది, అది అమలు చేయాల్సినవాటి జాబితాలో లేదు. ఆ మొదటి పేరాలో చెప్పిన చున్నీ ఫొటోలు మాత్రం ఆదేశానికి విరుద్ధమే.

అంకెలు ఎవరైనా విసిరితే

ఈ చర్చలో రెండు పక్షాల దగ్గరా సిద్ధంగా ఉండే అంకెలు కొన్నున్నాయి. చట్టబద్ధం చేసిన దేశాల్లోకి ట్రాఫికింగ్ ఎక్కువని ఒక పక్షం 2013 నాటి అధ్యయనాన్ని చూపిస్తుంది. అది వందకు పైగా దేశాల్లో బయటపడ్డ కేసులను పోల్చింది. పోలీసులు బాగా పనిచేసే చోట ఎక్కువ బయటపడతాయన్నది గుర్తుపెట్టుకోవాలి, ఆ రచయితలే లెక్కలు అంత నమ్మదగినవి కావని రాశారు. అవతలి పక్షం 2014 నాటి లాన్సెట్ వైద్య పత్రిక వ్యాసం చూపిస్తుంది: పూర్తి నేరరద్దుతో పదేళ్లలో 33 నుంచి 46 శాతం హెచ్‌ఐవీ సోకడం ఆపొచ్చని. అందులో మూడు చోట్ల లెక్క కట్టారు, ఒకటి మన రాయలసీమ పక్కనే ఉన్న బళ్లారి. కానీ అది జరిగినదాని లెక్క కాదు, కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా.

జరిగినదాని లెక్క కావాలంటే అమెరికాలోని రోడ్ ఐలండ్. చట్టంలో పడ్డ ఒక లొసుగు వల్ల అక్కడ 2003 నుంచి 2009 దాకా గదుల్లో జరిగే వ్యాపారం నేరం కాకుండా పోయింది. ఆ కాలంలో పోలీసుల దాకా వచ్చిన అత్యాచారాలు సుమారు 30 శాతం, ఆడవాళ్లలో గనేరియా అనే సుఖవ్యాధి సుమారు 40 శాతం తగ్గాయని ఇద్దరు ఆర్థికవేత్తలు తేల్చారు. వ్యాపారం పెరిగిందని కూడా వాళ్లే చెప్పారు. రెండూ కలిపి చెప్పేవాడి మాటే వినండి.

మరి ఎంచుకోవడం

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది సిద్ధాంతం కాదు. స్టాక్‌హోమ్, డబ్లిన్, టొరంటోల్లో కొనడం నేరం. అమెరికాలో దాదాపు అన్నిచోట్లా అంతే. కేసు పడితే వీసాకే ఎసరు.

నలుగురిలో వాదించాల్సిన వాళ్లకు, లా విద్యార్థులకు నా సలహా: స్వీడన్, న్యూజిలాండ్ అని రెండు జట్లుగా చీల్చి రాయకండి. ఏ పక్షం తీసుకున్నా, గది, స్టేషన్, డబ్బు ప్రశ్నలకు మీరు ఎంచుకున్న చట్టంలో జవాబు చూపించండి.

జోగినీ వ్యవస్థ ఉన్న పాలమూరు, నిజామాబాద్ పల్లెల్లో పనిచేసేవాళ్లు ఈ నాలుగు దారులనూ కాసేపు పక్కన పెట్టడమే మేలు. అక్కడ చాలాసార్లు చేతికి డబ్బే రాదు, ఊరి పెద్దలు హక్కుగా వస్తారు. కొనుగోలే లేని చోట కొనుగోలును నిషేధించి ఏం లాభం? దానికి 1988 నాటి నిషేధ చట్టం, భూమి, పిల్లల చదువు, అట్రాసిటీ కేసు, ఇవే పనికొస్తాయి.

ఇక దేశం మొత్తానికి అంటే, నేనైతే ఈ రోజు అన్ని రకాల కొనుగోలునూ నేరం చేయమని అడగను. స్వీడన్ మాట తప్పని కాదు. స్వీడన్ సగం మాత్రమే ఇక్కడికి వస్తుందని. ఆమె మీద ఉన్న సెక్షన్లు అలాగే ఉండి, విటుడి మీద ఇంకోటి చేరితే, రైడ్‌లో బేరానికి ఇంకో మనిషి దొరికినట్టవుతుంది తప్ప ఆమెకు ఒరిగేదేమీ లేదు. 2004లో గోవాలో బైనా బీచ్ గుడిసెలను కూల్చినప్పుడు అక్కడున్నవాళ్లలో చాలామంది ఆంధ్ర, కర్ణాటకల నుంచి వెళ్లిన ఆడవాళ్లే. వ్యాపారం చెదిరింది, దాంతో పాటు అప్పటిదాకా కట్టుకున్న సంఘాలు, క్లినిక్‌తో ఉన్న పరిచయాలు కూడా చెదిరాయి.

నేను అడిగే వరుస ఇది. ముందు 2006 బిల్లులో ఉన్నట్టే 8, 20 సెక్షన్లు పోవాలి. గృహం నిర్వచనంలోంచి ‘ఇద్దరి పరస్పర లాభం’ తీసేయాలి. 4వ సెక్షన్‌ను బ్రోకర్లకు పరిమితం చేసి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వదిలేయాలి. 17వ సెక్షన్ కింద మేజర్‌ని ఆమె ఇష్టం లేకుండా ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో పెట్టే అధికారం పోవాలి. వీటికి ఎవరి సిద్ధాంతమూ అడ్డు రానక్కర్లేదు. స్వీడన్ పక్షంవాళ్లూ ఆడవాళ్లను శిక్షించొద్దనే అంటారు కదా.

ఆ తర్వాత 144వ సెక్షన్‌ను నిజంగా వాడాలి. తాళం వేసిన గదిలోంచి బయటికొచ్చిన విటుడి మీద పిటా కేసు కాదు, 144 కేసు రాయాలి. దీనివల్ల ‘డబ్బుతో మనిషిని కొనలేవు’ అని సమాజానికి చెప్పే సందేశం స్వీడన్‌లో ఉన్నంత గట్టిగా ఉండదు, ఒప్పుకుంటాను. మగపిల్లల్ని పెంచే దేశానికి ఆ సందేశం అవసరమని వాదించేవాళ్ల దగ్గర నాకు పూర్తి జవాబు లేదు.

మానేయాలనుకున్నవాళ్లకు హోమ్‌లో మంచం, కుట్టుమిషన్ శిక్షణ కాకుండా, నెలనెలా ఖాతాలో పడే డబ్బు, ఉండటానికి ఇల్లు, పిల్లలకు హాస్టల్ సీటు వచ్చాక, అన్ని కొనుగోళ్లనూ నేరం చేద్దామా అనే బిల్లు పెడితే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఈలోగా ఎవరైనా ఎంపీ స్వీడన్ చట్టం తెస్తామంటే మొదట అడగాల్సింది విటుడికి ఎన్ని నెలల జైలని కాదు, బిల్లులో 4, 8 సెక్షన్ల సంగతి ఏం రాశారని.